ఫీల్డ్ నుంచి రిపోర్టులకు మారిన పర్యావరణ ఇంజినీరు: ప్రమోషన్ తీసుకోవాలా, మళ్ళీ సైటుకు వెళ్ళాలా?

ప్రశ్న: నీటిమట్టం

నమస్కారం. పర్యావరణ ఇంజినీరింగ్‌లో పీజీ పూర్తిచేసి నాలుగేళ్ళుగా ఒక కన్సల్టెన్సీ సంస్థలో పనిచేస్తున్నాను. మొదటి రెండేళ్ళు దాదాపు పూర్తిగా సైట్ల మీదే గడిచాయి. పరిశీలన బావుల్లో నీటిమట్టం కొలవడం, భూగర్భజలం, మట్టి నమూనాలు తీయడం, బోరు వేస్తున్నప్పుడు పక్కన నిలబడి ఏ లోతులో ఏ పొర తగిలిందో రాసుకోవడం నా పని. ఒకసారి ఒక కర్మాగారంలో అక్కడి సూపర్‌వైజరు "ఈ పనికి ఆడపిల్లను పంపారేమిటి" అని మా మేనేజరుకు ఫోన్ చేసి అడిగారు. ఆ తరువాత నన్ను నెమ్మదిగా ఆఫీసు పనికి మార్చారు. మేనేజరు నా క్షేమం కోరే అలా చేశారని నమ్ముతున్నాను; ఆయన నాతో ఎన్నడూ అమర్యాదగా మాట్లాడలేదు. అయినా రెండేళ్ళుగా ఇతరులు తెచ్చిన అంకెలను పట్టికల్లో పేర్చి, వాటి చుట్టూ నివేదిక రాయడమే నా పనైపోయింది.

ఇప్పుడు నా ముందు రెండు అవకాశాలు ఉన్నాయి. మొదటిది, ఇదే సంస్థలో నివేదికల విభాగానికి అధిపతిగా ప్రమోషన్. జీతం పెరుగుతుంది, నా కింద నలుగురు ఉంటారు, ప్రయాణాలు ఉండవు. రెండోది, కలుషిత స్థలాలను, భూగర్భజలాన్ని పరిశోధించే ఒక చిన్న సంస్థలో మామూలు ఇంజినీరు ఉద్యోగం. జీతం ఇప్పటికంటే కొంచెం తక్కువ, నెలలో సగం రోజులు సైటు మీదే ఉండాలి.

ఇంట్లో అందరూ మొదటిదే తీసుకోమంటున్నారు, వారి మాటలో తప్పేమీ కనిపించడం లేదు. కానీ పట్టికలో ఒక అంకె వింతగా కనిపించినప్పుడు అది నిజమైన కాలుష్యమా, నమూనా తీయడంలో జరిగిన పొరపాటా అని తేల్చుకోలేకపోవడం నన్ను చాలా ఇబ్బంది పెడుతోంది. మొదట్లో నాకు ఆ అనుమానం వెంటనే వచ్చేది, ఎక్కడ వెతకాలో కూడా తెలిసేది. ఇక పిల్లలు పుట్టిన తరువాత సైటు పని కొనసాగించడం సాధ్యమేనా అన్నది నా రెండో సందేహం. అనుభవం ఉన్నవారు, ముఖ్యంగా ఈ వృత్తిలో చాలాకాలం నిలిచిన మహిళలు, తమ అభిప్రాయం చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: పాతబూట్లు

ఇరవై రెండేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నానమ్మా, అందులో ఎక్కువ భాగం కలుషిత స్థలాల మీదే గడిచింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రెండోది తీసుకోండి. నివేదిక రాయడం చిన్న పని అని కాదు. సైటు చూడని మనిషి రాసిన నివేదికలో వాక్యాలు ఎంత చక్కగా ఉన్నా, వాటిలో ఏది తప్పో రాసినవారికే తెలియదు. మీకు కలుగుతున్న ఇబ్బంది సరిగ్గా అదే, దాన్ని గుర్తుపట్టారంటే మీరు ఇంకా ఆలస్యం చేయలేదనే అర్థం.

ఒక ఉదాహరణ చెబుతాను. లోహపు భాగాల జిడ్డు వదలగొట్టడానికి ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావకం వాడిన ఒక పాత కర్మాగారంలో, మాకంటే ముందు పనిచేసిన సంస్థ నాలుగు పరిశీలన బావులు వేసి నివేదిక ఇచ్చింది. నేల ఉత్తరం నుంచి దక్షిణానికి వాలి ఉంది కాబట్టి భూగర్భజలం కూడా అటే పారుతుందని అందులో అనుకున్నారు. అన్నిటికంటే ఎక్కువ కాలుష్యం ఉత్తరపు బావిలో కనిపించింది కాబట్టి అది పక్క స్థలం నుంచి వచ్చిందని తేల్చారు. కాగితం మీద ఆ తర్కంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మేము వెళ్ళి, అన్ని బావుల నీటిమట్టాలనూ ఒకే రోజు, ఒకే ఎత్తు ప్రమాణానికి కొలిచేసరికి నీరు దక్షిణం నుంచి ఉత్తరానికి వెళుతున్నట్టు తేలింది. కారణం చాలా మామూలుది. ఉత్తరపు గోడ దగ్గర కర్మాగారం సొంత అవసరాల కోసం తవ్వుకున్న లోతైన బోరు రాత్రింబగళ్ళు నడుస్తూ, చుట్టుపక్కల నీటినంతా తనవైపు లాక్కుంటోంది. నీరు పారేది నేల వాలును బట్టి కాదు, నీటిమట్టాల తేడాను బట్టి అని 1856లో డార్సీ చెప్పిన సూత్రం నుంచి మనమందరం చదువుకున్నదే. ఒకే వరుసలో లేని మూడు బావులైనా ఉంటే తప్ప ఆ దిశ తేలదని కూడా చదువుకున్నాం. కానీ ఆ బోరు సంగతి ఏ పట్టికలోనూ లేదు. సైటులో పది నిమిషాలు నిలబడితే మోటారు చప్పుడు వినిపిస్తుంది.

లోతు విషయం కూడా ఇలాంటిదే. ట్రైక్లోరోఇథిలీన్ నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువైనది. అది చుక్కలుగా దిగుతూ నీటిని దాటుకుని, కిందనున్న బంకమట్టి పొర మీద చేరి కూర్చుంటుంది. పెట్రోలు అలా కాదు, నీటి మీద తేలుతుంది. బావిలోకి నీరు వచ్చే రంధ్రాలున్న జల్లెడ గొట్టాన్ని నీటి పైభాగంలో మాత్రమే అమర్చి, అడుగున చేరిన ద్రావకం కోసం వెతికితే నమూనా శుభ్రంగానే వస్తుంది. బోరు వేసినప్పటి పొరల రికార్డు చూడకుండా నివేదిక రాసేవారు దాన్ని చూసి "కాలుష్యం లేదు" అని రాస్తారు. మీ కింద పనిచేయబోయే ఆ నలుగురూ రేపు మీ దగ్గరికి తెచ్చేవి ఇలాంటి పట్టికలే.

ఇక మీ మేనేజరు గారి సంగతి. ఆయన మంచివారే కావచ్చు, కానీ క్షేమం కోసం పెట్టే నియమం పనికి వర్తించాలి, మనిషికి కాదు. నిర్జన ప్రదేశంలో ఒక్కరే పనిచేయకూడదన్నది మంచి నియమం. అది మగవారికీ అంతే అవసరం. ఆడవారికి మాత్రమే వర్తించే నియమం పెడితే దాని ఫలితం ఒకటే, రెండేళ్ళ తరువాత "ఆమెకు ఫీల్డ్ అనుభవం తక్కువ" అని వారే అంటారు. నాతో అన్నారు.

కొత్త సంస్థలో చేరే ముందు కొన్ని చిన్న విషయాలు అడగడానికి మొహమాటపడకండి. ముఖానికి పెట్టుకునే రెస్పిరేటర్‌ను మీ ముఖానికి సరిపడుతుందో లేదో పరీక్షించి ఇస్తారా అని అడగండి. అందరికీ ఒకే పెద్ద సైజు ఇస్తే అంచుల నుంచి ద్రావకపు ఆవిరి లోపలికి వస్తుంది, అది పెట్టుకున్నామన్న ధైర్యం మాత్రం మిగులుతుంది. చేతొడుగులు, బూట్లు, ఎత్తుల మీద పనిచేసేటప్పుడు కట్టుకునే పట్టీలు కూడా అంతే. వదులు బూటుతో బురద గట్టు ఎక్కడం కంటే ప్రమాదం మరొకటి లేదు. రోజంతా ఉండే సైటులో మరుగుదొడ్డి ఏర్పాటు ఎవరి బాధ్యతో కూడా ముందే తేల్చుకోండి. నేను కొత్తలో సిగ్గుపడి ఇవేవీ అడగలేదు, రోజంతా నీళ్ళు తాగకుండా ఎండలో పనిచేసి రెండుసార్లు మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ తెచ్చుకున్నాను.

పిల్లల విషయంలో నిజం చెప్పాలంటే మొదటిసారి నేను పొరపాటు చేశాను. గర్భిణిగా ఉన్నప్పుడు ద్రావకాలు, సీసపు ధూళి ఉన్న సైట్ల నుంచి తప్పుకోవడం తప్పనిసరి, తప్పుకున్నాను కూడా. కానీ తిరిగి ఎప్పుడు ఫీల్డ్‌కు వస్తానో రాతపూర్వకంగా తీసుకోలేదు. ఆ ఖాళీలో మరొకరు చేరారు, నేను మళ్ళీ సైటు ముఖం చూడటానికి మూడేళ్ళు పట్టింది. రెండోసారి ముందే ఉత్తరం రాయించుకున్నాను: ఈ నెల నుంచి ఈ నెల వరకు డేటా పరిశీలన, ఆ తరువాత ఇదే బాధ్యతలు. పద్నాలుగు నెలల్లో తిరిగి వచ్చాను. ఇంట్లో సహాయం లేకుండా ఇది కుదరదు, అది దాచను. కానీ నెలలో పదిహేను రోజుల సైటు పని ముందే క్యాలెండరులో కనిపిస్తుంది. ప్రతి సాయంత్రమూ "రేపటికల్లా నివేదిక కావాలి" అనే ఆఫీసు ఉద్యోగం కంటే అదే పిల్లలతో నాకు సులువైంది.

జవాబు: ఏరేషన్ ట్యాంకు

పైన పాతబూట్లు గారు చెప్పిన ఉదాహరణ నాకు చాలా నచ్చింది, కానీ ఆవిడ తీర్మానంతో పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. నేను మురుగునీటి శుద్ధి ప్లాంట్ల డిజైన్ చేసే సంస్థలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు ప్లాంటు నడిపే వైపు ఉన్నాను. కన్సల్టెన్సీ అమ్మే సరుకు చివరికి నివేదికే. ఫీల్డ్‌లో పండిపోయి, తాము చూసినదాన్ని నాలుగు వాక్యాల్లో చెప్పలేక అక్కడే ఉండిపోయిన మగవారిని ఎంతోమందిని చూశాను. కాబట్టి సైటా, ఆఫీసా అన్నదానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: నివేదిక మీద సంతకం ఎవరిది? క్లయింటు ముందు కూర్చుని దాన్ని సమర్థించేది ఎవరు?

ఈ వృత్తిలో పైకి వెళ్ళే దారులు నాకు తెలిసి మూడే. ఏదో ఒక విషయంలో ఈమెను అడగాల్సిందే అనిపించుకోవడం, ప్రాజెక్టును ఖర్చు దాటకుండా నడిపించడం, కొత్త క్లయింట్లను తేవడం. సంస్థ బతికేది బిల్లు చేయగల గంటల మీద. మీ ప్రమోషన్‌లో ఈ మూడింటిలో ఒక్కటీ లేకపోతే, అంటే నలుగురి పనిని సరిదిద్ది, ఫార్మాట్ చూసి, గడువులు గుర్తుచేయడమే అయితే, పేరుకే అది ప్రమోషన్. అలాంటి సమన్వయపు పనులు ఎందుకో తెలియదుగాని ఎప్పుడూ ఆడవారికే వస్తాయి, వారు బాగా చేస్తారన్న మెప్పుతో సహా. అదే మీకు సంతకం, బడ్జెట్టు, క్లయింటు సమావేశాలు ఇస్తామంటే మాత్రం కొట్టిపారేయకండి. అప్పుడు నెలకు నాలుగు రోజులు సైటుకు వెళతానని షరతు పెట్టి తీసుకోవచ్చు.

మీ ముందున్న రెండూ కాక మూడో అవకాశం కూడా ఒకటుంది, మీరు ఆలోచించారో లేదో. ప్లాంటు వైపు రండి. గాలి ఊది పెంచిన సూక్ష్మజీవుల బురదతో మురుగును శుద్ధిచేసే, మనం ఇప్పటికీ విరివిగా వాడే యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతిని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ 1914లో ప్రకటించారు. వందేళ్ళు దాటినా, దాన్ని నడిపేవారికి కావలసిన తెలివి పుస్తకంలో సగమే దొరుకుతుంది. నీటిలోని సేంద్రియ మలినం ఎంత ఆక్సిజన్‌ను లాగుతుందో చెప్పే బీఓడీ పరీక్ష ఫలితం రావడానికి 5 రోజులు పడుతుంది, ఈలోగా ఆ నీరు నదిలో కలిసిపోయి ఉంటుంది. అందుకే ఆపరేటరు లీటరు జాడీలో బురదనీరు పోసి 30 నిమిషాల్లో ఎంత అడుగుకు దిగిందో చూస్తాడు, నురగ రంగు చూస్తాడు, వాసన చూస్తాడు. డిజైన్ చేసేవారిలో ఆ జాడీ ముందు కూర్చున్నవారు ఎంత తక్కువమందో చెబితే నమ్మరు. అక్కడ రెండేళ్ళు చేసి తిరిగి కన్సల్టెన్సీకి వెళ్ళినవారి మాటకు వచ్చే విలువ వేరు. షిఫ్టులు ఉంటాయి, అది మాత్రం ముందే ఆలోచించుకోండి.

జవాబు: పిపెట్

నేను ల్యాబ్‌లో ఉంటాను కాబట్టి ఒక చిన్న మాట. ఫీల్డ్ తెలిసినవారు ఎవరో, తెలియనివారు ఎవరో పెట్టె తెరవగానే మాకు తెలుస్తుంది. ఆవిరయ్యే కర్బన పదార్థాల కోసం తెచ్చిన 40 మిల్లీలీటర్ల సీసాలో చిన్న గాలిబుడగ ఉంటే, మేము కొలవాల్సినదాంట్లో కొంత ఆ బుడగలోకి వెళ్ళిపోయి ఉంటుంది. లోహాల సీసాలో నైట్రిక్ ఆమ్లం వేయకుండా తెస్తే కొంత లోహం సీసా గోడకు అంటుకుంటుంది. బీఓడీ నమూనాను చల్లగా ఉంచి 48 గంటల్లోపు ఇవ్వాలన్నది అందరూ చదివినదే, అయినా శుక్రవారం తీసిన నమూనా సోమవారం వస్తుంది. సైటుకు శుద్ధమైన నీరు తీసుకెళ్ళి, అక్కడే సీసాలో పోసి తెచ్చే ఖాళీ నమూనాను దండగ ఖర్చని తీసేయమనే మేనేజర్లు ఉంటారు. ఆ ఒక్క సీసా లేకపోతే, నీటిమట్టం గారు అడిగిన ప్రశ్నకు, అంటే ఈ అంకె కాలుష్యమా పొరపాటా అన్నదానికి, ఎవరూ జవాబు చెప్పలేరు.

ఆడవారికి ఈ రంగం కొత్త అన్నట్టు మాట్లాడేవారిని చూస్తే నాకు అమెరికా రసాయన శాస్త్రవేత్త ఎలెన్ స్వాలో రిచర్డ్స్ గుర్తొస్తారు. ఆమెను 1870లో ఎంఐటీ చేర్చుకుంది, కానీ రుసుము తీసుకోలేదు. ఎవరైనా అభ్యంతరం చెబితే ఆమె అసలు మా విద్యార్థినే కాదని చెప్పుకోవడానికే అలా చేశారని ఆమెకు తరువాత తెలిసింది. అదే సంస్థలో 1884లో పారిశుద్ధ్య రసాయనశాస్త్రం బోధించే పదవిలోకి వచ్చారు, 1887 నుంచి మసాచుసెట్స్ రాష్ట్రమంతటి నీటి వనరుల సర్వేలో వేలకొద్దీ నమూనాలు పరీక్షించారు. ఆ సర్వే నుంచి వచ్చిన క్లోరైడ్ పటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. సముద్రానికి దూరమయ్యేకొద్దీ నీటిలో సహజంగా ఉండే క్లోరైడ్ తగ్గుతుంది కాబట్టి, ఒక చోట ఉండాల్సినదానికంటే ఎక్కువ కనిపిస్తే అక్కడ మురుగు కలుస్తోందని పటం చూసి చెప్పవచ్చు. అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, ఆ నీరు ఎక్కడిదో కూడా తెలియాలి. ఆమె కూడా పరిశ్రమలకు, బీమా సంస్థకు సలహాలిచ్చి సంపాదించిన కన్సల్టెంటే అన్న సంగతి చాలామంది చెప్పరు.

ప్రశ్న అడిగినవారి స్పందన: నీటిమట్టం

ముగ్గురికీ ధన్యవాదాలు. ఏరేషన్ ట్యాంకు గారు చెప్పినట్టు మా సంస్థలో అడిగాను. సంతకం మేనేజరుదే ఉంటుందని, సమావేశాలకు అవసరమైతే పిలుస్తామని చెప్పారు. కాబట్టి ఆ విషయంలో నాకు స్పష్టత వచ్చింది.

అసలు నన్ను కలవరపెట్టిన సంఘటన మొదటి ప్రశ్నలో రాయలేదు. ఒక నివేదికలో భూగర్భజలంలో ఆర్సెనిక్ గురించి "లీటరుకు 50 మైక్రోగ్రాముల గుర్తింపు పరిమితికి పైన కనిపించలేదు" అని నేను రాసిన వాక్యాన్ని "మెత్తబరచమని" చెప్పారు. చివరికి అచ్చయిన ప్రతిలో "ఆర్సెనిక్ లేదు" అని ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి 10 మైక్రోగ్రాములే కాబట్టి 50 కంటే తక్కువను పట్టుకోలేని పరీక్షతో "లేదు" అనడం సరికాదని నాకు తెలుసు. అప్పుడు ఊరుకున్నాను. కొత్త చోట కూడా ఇలాంటివి ఎదురవుతాయి కదా? సంస్థ చిన్నదైతే క్లయింట్ల ఒత్తిడి ఇంకా ఎక్కువ ఉంటుందేమోనని భయంగా ఉంది.

జవాబు: పాతబూట్లు

ఎదురవుతాయి. చిన్న సంస్థలో ఒక్క క్లయింటు పోతే ఆ నెల జీతాలకే ఇబ్బంది, కాబట్టి ఒత్తిడి ఎక్కువే. తేడా ఒకటే, అక్కడ నిర్ణయం తీసుకునే మనిషి మీ ఎదురుగా కూర్చుని ఉంటారు.

"మెత్తబరచడం" అన్న మాట కింద మూడు వేర్వేరు కోరికలు దాగి ఉంటాయి. "భయంకరమైన కాలుష్యం" అన్నచోట అంకె రాయమంటే అది న్యాయమైన కోరిక, సంతోషంగా ఒప్పుకోండి; విశేషణాలు మన పని కాదు. ఇబ్బంది కలిగించే పట్టికను అనుబంధంలోకి నెట్టమంటే వాదించండి, ఓడిపోతే ప్రధాన భాగంలో దాని పేజీ సంఖ్యైనా రాయించండి. "కనిపించలేదు" అన్నదాన్ని "లేదు" అని మార్చమంటే అది అబద్ధం, దాని మీద సంతకం చేయకండి. మీ సందర్భంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లోనే పరిమితిని 50 నుంచి 10కి తగ్గించింది. అంటే ఆ ల్యాబ్‌కు పంపిన పరీక్షే పాతకాలపు ప్రమాణానికి సరిపోయేది. అప్పుడు గొడవపడకుండా అడగదగినది ఒకటుంది: 10 కంటే దిగువకు చూడగల పద్ధతిలో మళ్ళీ పరీక్ష చేయించడం. ఖర్చు చిన్నది, జవాబు ఏదైనా క్లయింటుకే మేలు. ఆ సూచనను నోటితో కాదు, ఈమెయిల్‌లో చెప్పండి. చాలామంది మేనేజర్లు రాతలో ఉన్న సూచనను తోసిపుచ్చడానికి వెనుకాడతారు.

పరిశ్రమల దగ్గర డబ్బు తీసుకుని పనిచేస్తే నిష్పాక్షికంగా ఉండలేమన్నది కూడా నిజం కాదు. నదుల జీవశాస్త్రంలో పెద్ద పేరైన రూత్ ప్యాట్రిక్ (1907–2013) తొలి ఏళ్ళు జీతం లేకుండానే పనిచేశారు. 1948లో అమెరికాలోని కోనెస్టోగా నదిలో ఆమె బృందం చేసిన అధ్యయనం, నది ఆరోగ్యాన్ని ఒక్క జీవిని బట్టి కాకుండా అందులో బతికే జీవుల సముదాయాన్ని బట్టి చెప్పవచ్చని చూపింది. ఆమె పరిశ్రమలకు ఏళ్ళతరబడి సలహాలిచ్చారు, 1975లో డ్యూపాంట్ అనే పెద్ద రసాయనాల సంస్థ డైరెక్టర్ల బోర్డులో చేరిన మొదటి మహిళ కూడా ఆమే. ఆమె మాట చెల్లింది నదిలో దిగి చూసిన మనిషి కావడం వల్లేనని నా నమ్మకం.

చివరిగా, కొత్త చోట చేరితే మొదటి రోజు నుంచే ఫీల్డ్ నోట్‌బుక్ సొంతంగా పెట్టండి. కుట్టు వేసిన పుస్తకం, పేజీలకు ముందే సంఖ్యలు, నీటికి చెరగని సిరా. తప్పు రాస్తే చెరపకుండా ఒక్క గీతతో కొట్టేసి పక్కన పొడి సంతకం, తేదీ వేయండి. బావి సంఖ్య, సమయం, నీటిమట్టం, నమూనా తీసే ముందు ఎంత నీరు తోడారో, పీహెచ్ ఎప్పుడు నిలకడకు వచ్చిందో, ఆ రోజు చుట్టుపక్కల ఏ మోటార్లు నడుస్తున్నాయో రాయండి. ఆరేళ్ళ తరువాత ఒక వివాదంలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఆ మోటారు గురించే, నా దగ్గర 43వ పేజీలో జవాబు ఉంది.